జడపదార్థం కాని మన్ను: ఉద్దానం పొడిమందుల సిఫార్సులలో లోపించిన ఒక మాట

కొబ్బరిలో కొమ్ము పురుగు నివారణకు ఉద్దానం రైతులకు చెప్పే సలహాలలో చాలాకాలంగా నిలిచి ఉన్న వాక్యం ఒకటి ఉంది: మొవ్వును ఆనుకొని ఉన్న మూడు మట్టల మొదళ్ళలో సుమారు పావుకిలో వేపపిండిని అంతే ఇసుకతో కలిపి ఏడాదికి మూడుసార్లు నింపాలి. ఈ వాక్యంలో మోతాదు ఉంది, చోటు ఉంది, కాలం ఉంది. ఇసుకే ఎందుకు కలపాలన్నది మాత్రం లేదు.

ఇసుక వానకు జారిపోతున్నదని గమనించిన ఒక రైతు, మెరకనుంచి ఎర్రమన్ను తెచ్చి, వేపగింజలతో కలిపి రోట్లో మెత్తగా నూరి, ఎండలో ఆరబెట్టి, డబ్బాలో దాచుకొని నెల తరువాత వాడాడని అనుకుందాం. ఆ పని అవివేకమేమీ కాదు. మన్ను మొవ్వులో అతుక్కొని నిలుస్తుందన్న ఆలోచన సహజమైనదే. సలహాలో ఏ మాటనూ అతడు కావాలని మీరలేదు. అయినా అతడి డబ్బాలో ఉన్నది సిఫార్సు చేసిన మందు కాదు. దానిలోని వేప సారంలో కొంత మన్ను పలకలకు అంటుకొని ఉంటుంది. కొంత ఆ పలకలమీదనే విచ్ఛిన్నమై ఉంటుంది. పురుగు ఆగకపోతే నింద వేపమీద పడుతుంది, ఆ తరువాత సలహా ఇచ్చినవారిమీద పడుతుంది. మన్నును ఎవరూ అనుమానించరు.

పొడిమందులలో కలిపే మన్నును వాహకమనీ, జడపదార్థమనీ పిలవడం వ్యవసాయ శాస్త్రంలో స్థిరపడిన అలవాటు. బంకమన్ను ఖనిజాల విషయంలో ఆ పేరు సరికాదు. కర్బన సమ్మేళనాలతో కలిపి నూరినప్పుడు అసలే సరికాదు. కనుక మన్ను కలిసే ప్రతి పొడిమందు సిఫార్సులోనూ మోతాదుతోపాటు ఏ మన్ను కలపాలి, కలపడమా నూరడమా, తయారైన ఎన్ని రోజులలో వాడాలి అన్న మూడు విషయాలు తప్పక ఉండాలి. ఉద్దానంవంటి ప్రాంతంలో ఈ అవసరం మరింత ఎక్కువ.

ఇప్పుడే ఈ ప్రశ్న ఎందుకు?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలకూల్చింది. కూలిన కొబ్బరి మానులు కుళ్ళిన చోట్ల కొమ్ము పురుగు గుడ్లు పెట్టి వృద్ధి చెందుతుంది; తిరిగి నాటిన లేత మొక్కల మొవ్వును తొలిచేదీ అదే. కాపుకు రావడానికి అయిదారేళ్ళు పట్టే పంటలో మొవ్వు పోయిన మొక్క అంటే పోయిన మొక్క ఒక్కటే కాదు, ఆ కుటుంబం ఎదురుచూసిన ఏళ్ళు కూడా.

ఆ ఏడాదే కేంద్ర ప్రభుత్వం కార్బరిల్‌ను నిషేధిత జాబితాలో చేర్చింది. లిండేన్ అంతకుముందే వాడకంనుంచి తొలగింది. మట్టల మొదళ్ళలో ఇసుకతో కలిపి వేయడానికి ఒకప్పుడు సిఫార్సు చేసిన మందులు ఇవే. ఈ నిషేధాలు సమంజసమైనవే. వాటితోపాటు ఒక బాధ్యత కూడా చేతులు మారింది. కర్మాగారంలో తయారైన పొడిమందుకు ఏ మన్ను వాడాలి, అది మందును చెడగొట్టకుండా ఏ స్థిరీకరణ కారకం చేర్చాలి అన్నది తయారీదారు చూసుకునేవాడు. సంచిమీద గడువు తేదీ ఉండేది. నేడు వేపపిండి, వేపగింజల పొడి, ఆకుల పొడులు రైతు ఇంటివద్దనే తయారవుతున్నాయి. వాహకాన్ని ఎంచుకునేది రైతే. గడువు తేదీ రాసేవారు లేరు.

కలపడం వేరు, నూరడం వేరు

తెలుగులో కలపడం, దంచడం, విసరడం, రుబ్బడం, నూరడం వేర్వేరు పనులు. వంటింట్లో ఒకదానికి బదులు మరొకటి చేస్తే రుచి మారుతుందని అందరికీ తెలుసు. ఆయుర్వేద రసశాస్త్రం ఈ తేడాను ఇంకా నిష్ఠగా పాటించింది: ఏ ద్రవ్యాన్ని ఏ రసంతో, కల్వంలో ఎంతకాలం మర్దించాలో నిర్దేశించింది. వ్యవసాయ సిఫార్సులలో మాత్రం ఈ క్రియలన్నీ ‘కలపాలి’ అన్న ఒక్క మాటలోకి ఒదిగిపోయాయి.

బంకమన్ను ఖనిజాలు పలకలు పలకలుగా పేర్చిన నిర్మాణాలు. సిలికా పొర, అల్యూమినా పొర కలిసి ఒక పలక అవుతుంది. కెయోలినైట్‌లో ఈ పలకల మధ్య దూరం సుమారు 0.72 నానోమీటర్లు; పలకలు హైడ్రోజన్ బంధాలతో బిగిసి ఉండడంవల్ల సాధారణంగా మధ్యలోకి నీరుకూడా చొరబడదు. మాంట్‌మోరిలోనైట్‌లో పలకల మధ్య బంధం బలహీనం. తడి తగిలితే అవి దూరం జరుగుతాయి; నీటితోపాటు కొన్ని కర్బన అణువులూ లోపలికి వెళ్తాయి. ఒక గ్రాము కెయోలినైట్ ఉపరితలం సుమారు 10 నుంచి 20 చదరపు మీటర్లు ఉంటే, లోపలి తలాలతో కలిపి మాంట్‌మోరిలోనైట్‌కు అది 700 నుంచి 800 చదరపు మీటర్ల వరకు ఉంటుంది. ఇసుకలో అది ఒక చదరపు మీటరులో స్వల్ప భాగమే.

ఈ ఖనిజాన్ని కర్బన పదార్థంతో కలిపి నూరినప్పుడు ఒకేసారి అనేక మార్పులు జరుగుతాయి. పలకల దొంతరలు విడిపోతాయి. పలకలు విరిగినచోట కొత్త అంచులు ఏర్పడతాయి. ఆ అంచులలో అల్యూమినియం, సిలికాన్ పరమాణువుల బంధాలు తెగి ఉంటాయి కనుక అవి తమ దగ్గరకు వచ్చిన ఆమ్ల, ఫినాల్, అమైన్ సమూహాలను త్వరగా పట్టుకుంటాయి. ముద్దగానో స్ఫటికంగానో ఉన్న కర్బన పదార్థం పలుచని పూతలా పరచుకుంటుంది. రాపిడి తగిలిన బిందువుల వద్ద క్షణకాలం వేడి పుడుతుంది. ఉపరితలంమీది తేమ కొంత తొలగుతుంది. ద్రావణం అవసరం లేకుండానే అధిశోషణం జరుగుతుంది.

ఇది ఊహ కాదు. జపానుకు చెందిన ఒగావా, కురోదా, కాతో తదితరులు అక్రిలమైడ్ వంటి ఘన పదార్థాన్ని స్మెక్టైట్ మన్నుతో కేవలం కలిపి నూరడం ద్వారా పలకల మధ్యకు పంపవచ్చునని 1980ల చివరలో చూపారు. ఆ తరువాత నాఫ్తలీన్‌తోనూ ప్రయత్నించారు. కొబ్బరి మొవ్వులో కొమ్ము పురుగుకు వాడే కలరా ఉండలలోని పదార్థమే అది. ముందుగా ఆల్కైల్ అమ్మోనియం లవణాలతో మార్పు చేసిన మాంట్‌మోరిలోనైట్‌తో కలిపి నూరినప్పుడు నాఫ్తలీన్ పలకల మధ్యకు చేరింది. నీటిని ఇష్టపడే సహజ పలకలకు, నీటిని ఇష్టపడని నాఫ్తలీన్‌కు పొత్తు కుదరడానికి ఆ మార్పు అవసరమైంది. ఏ మన్ను ఏ పదార్థాన్ని పట్టుకుంటుందన్నది ఆ రెండింటి స్వభావంమీదనే ఆధారపడుతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

ఎంత నూరితే అంత మంచిదనుకోవడం కూడా పొరపాటే. కెయోలినైట్‌ను పొడిగా నూరుతూ పోతే మొదట ఉపరితలం పెరుగుతుంది. ఒక దశ దాటాక స్ఫటిక నిర్మాణం చెదిరి, సూక్ష్మ రేణువులు తిరిగి గడ్డకట్టి, ఉపరితలం తగ్గుతుంది. ప్రయోగశాలలోని ఉక్కు గుళ్ళ మరలో గంటసేపు నూరగా వచ్చిన ఫలితం రైతు రోటికి వర్తించదు. రోటి ఫలితం ఊరి పిండిమరకు వర్తించదు.

ఒకే ప్రాంతంలో నాలుగు పొడులు

టెక్కలినుంచి పలాస మీదుగా వజ్రపుకొత్తూరు తీరానికి ఒక పూటలో చేరుకోవచ్చు. ఆ దారిలో రైతు చేతికి అందే పొడులు నాలుగు.

మొదటిది తీరపు ఇసుక. దీనిలో ప్రధానంగా క్వార్ట్జ్, అక్కడక్కడ ఇల్మెనైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాలు ఉంటాయి. కర్బన పదార్థాలపై దీని పట్టు అత్యల్పం. వేపపిండితో కలిపినప్పుడు అది వేపపిండిని వేపపిండిగానే ఉండనిస్తుంది. పైగా దాని గరుకురేణువులు పురుగుకు ఇబ్బంది కలిగిస్తాయి. పాత సిఫార్సులో ఇసుక ఉండడం సరైనదే. కారణం చెప్పకపోవడమే లోపం.

రెండవది మందస, పలాస మండలాల పడమటి కొండపాదాల ఎర్రమన్ను. తూర్పు కనుమల ఖొండలైట్ శిలలు శిథిలమై ఏర్పడిన ఇటువంటి మన్నులో కెయోలినైట్, ఇనుప ఆక్సైడులు ప్రధానం. ధనాయాన వినిమయ సామర్థ్యం తక్కువ. అంతమాత్రాన అది నిస్తేజమైనదని అనుకోరాదు. దాని పలకల అంచులు, ఇనుప ఆక్సైడుల తలాలు కర్బన ఆమ్లాలను గట్టిగా పట్టుకుంటాయి. ఎండిన కెయోలినైట్ ఉపరితలం బలమైన ఆమ్లంలా ప్రవర్తించగలదు.

మూడవది టెక్కలి పరిసరాల వరి పల్లాలలోనూ చెరువులలోనూ దొరికే నల్లని బంకమన్ను. ఇటువంటి మన్నులో పలు ఖనిజాలు కలగలిసి ఉంటాయి. స్మెక్టైట్ వాటా ఎంతన్నది చెరువు చెరువుకూ మారుతుంది. ఆ వాటా పెరిగినకొద్దీ పట్టు పెరుగుతుంది. కెయోలినైట్ వినిమయ సామర్థ్యం కిలోకు 3 నుంచి 15 సెంటీమోల్‌లు కాగా, మాంట్‌మోరిలోనైట్‌కు అది 80 నుంచి 120 వరకు ఉండవచ్చు.

నాలుగవది టెక్కలి గ్రానైట్ కోత, పాలిష్ కర్మాగారాలలో మిగిలే రాతిపొడి. వేళ్ళ మధ్య నలిపితే బంకమన్నంత మెత్తగా అనిపిస్తుంది. కాని అది క్వార్ట్జ్, ఫెల్‌స్పార్, అభ్రకాల చూర్ణం, బంకమన్ను కాదు. మెత్తదనాన్నిబట్టి దానిని బంకమన్నుగా లెక్కిస్తే అంచనా తప్పుతుంది. పైగా పీల్చినవారి ఊపిరితిత్తులకు అది హానికరం. పొడిమందులలోకి అది రాకుండా చూడడమే మేలు.

చూపుకు ఈ నాలుగింటి మధ్య తేడా రంగు మాత్రమే. పట్టులో తేడా పదులు, వందల రెట్లు. ‘మట్టితో కలిపి’ అని రాసే సిఫార్సు ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టివేస్తున్నది.

పట్టు, విడుపు, విచ్ఛిన్నం

మన్ను ఒక కర్బన పదార్థాన్ని పట్టుకున్న తరువాత మూడింటిలో ఏదైనా జరగవచ్చు: అది అలాగే నిలిచిపోవచ్చు, నీరు తగిలి విడుదల కావచ్చు, ఆ తలంమీదనే విచ్ఛిన్నం కావచ్చు.

నిలిచిపోవడానికి చరిత్రలో అందమైన ఉదాహరణ మధ్య అమెరికాలోని మాయా ప్రజల నీలివర్ణం. తెలుగువారికి సుపరిచితమైన నీలిమందు రంగు పదార్థమే అందులోని కర్బన సమ్మేళనం. దానిని పాలిగోర్స్కైట్ అనే బంకమన్నుతో కలిపి వేడిచేస్తే ఆమ్లాలకు, ఎండకు, వందల ఏళ్ళ వానలకు చెదరని రంగు తయారవుతుందని వాన్ ఓల్ఫెన్ 1966లో ప్రయోగపూర్వకంగా చూపాడు. రంగుకు ఈ శాశ్వత బంధం వరం. పురుగుమందుకు ఇదే శాపం. మన్ను విడిచిపెట్టని మందు పురుగును చేరదు.

విడుదలకు ఉదాహరణ తొలకరి వాసన. ఎండాకాలమంతా పొడిమన్ను గాలిలోని కర్బన ఆవిరులను పట్టి ఉంచుతుంది; తొలి చినుకు తగలగానే నీరు ఆ స్థానాలను ఆక్రమించి వాటిని బయటికి నెడుతుంది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బేర్, థామస్ 1964లో ఈ వాసనకు పెట్రికోర్ అని పేరుపెట్టారు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ అత్తరు తయారీదారులు అంతకు ఎంతోముందే ఎండిన మట్టినుంచి ఆ పరిమళాన్ని బట్టీపట్టి తీస్తూ వచ్చారు. తటస్థ కర్బన అణువులకు, నీటికి మధ్య మన్నుమీది చోటుకోసం పోటీ నడుస్తుందని, సాధారణంగా నీరే గెలుస్తుందని ఈ వాసన ఏటేటా గుర్తుచేస్తుంది. సముద్రపు తేమ నిండిన ఉద్దానం గాలిలో మూత తీసి ఉంచిన పొడిమందు, గట్టిగా మూసి ఉంచిన పొడిమందు ఒకటి కావు.

విచ్ఛిన్నానికి ఉదాహరణలు పురుగుమందుల రసాయనశాస్త్రంలోనే ఉన్నాయి. సాల్ట్స్‌మన్, యారోన్, మింగెల్‌గ్రిన్ 1974లో ప్రచురించిన అధ్యయనం కెయోలినైట్ ఉపరితలం పారాథియాన్ జలవిశ్లేషణను వేగవంతం చేస్తుందని చూపింది. మన్నులో తేమ స్వల్పంగా ఉన్నప్పుడే ఆ చర్య చురుకుగా సాగింది. నీరు ఎక్కువైతే మందగించింది. వేప విషయంలో ఇది మరింత గమనార్హం. వేపలోని ప్రధాన క్రియాశీల పదార్థమైన అజాడిరక్టిన్ ఎండకు, అధిక ఆమ్లత్వానికి, క్షారత్వానికి నిలవదు. జె. కుమార్, బి.ఎస్. పర్మార్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో, ఘన వాహకాలమీద అజాడిరక్టిన్-ఎ నిలకడ వాహకాన్నిబట్టి మారుతుందని, దానిని నిలపడానికి స్థిరీకరణ కారకాలు అవసరమవుతాయని తేలింది. ఎర్రమన్నుతో నూరి, ఎండలో ఆరబెట్టి, నెల దాచిన వేపపొడిలో మూడు ప్రతికూలతలు ఒకచోట చేరాయి: ఆమ్ల స్వభావంగల తలం, ఎండ, కాలం.

మన్ను మేలు చేసిన చోట

ఈ గుణం ఎప్పుడూ నష్టమే చేస్తుందనుకుంటే పొరపాటు. కందులకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టి దాచడం తెలుగునాట తరతరాల ఆచారం. ఆ మన్నులో ఏ మందూ లేదు. పురుగు దేహంమీద నీరు ఆవిరి కాకుండా కాపాడే పలుచని మైనపు పొర ఉంటుంది. ఆ మైనమూ కర్బన పదార్థమే. మెత్తని పొడిమన్ను గీరుకొనడంవల్లా, మైనాన్ని పీల్చుకొనడంవల్లా పురుగు ఎండి చనిపోతుంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1950ల చివరలో ఉత్తేజిత మన్నులు, బొగ్గుపొడులు కీటకాలను చంపే తీరును పరిశోధించడానికి ఆధారం ఈ సూత్రమే.

కంది గాదెలో విత్తనాన్ని కాపాడే ఎర్రమన్ను వేపపొడిలో మందును బలహీనపరచవచ్చు. మన్ను ఒకటే, గుణం ఒకటే. పట్టుకున్న పదార్థం వేరు. కనుక ‘మన్ను మంచిదా, చెడ్డదా’ అన్న ప్రశ్నకు అర్థం లేదు. దేనితో, ఏ తేమలో, ఎంతకాలం అన్నవే అడగవలసిన ప్రశ్నలు.

పలాసకు సంబంధించిన మరొక పదార్థం ఈ దృష్టితో పరిశోధనకు ఎదురుచూస్తున్నది. జీడిపిక్కల తొక్కలోని నూనెలో అనకార్డిక్ ఆమ్లం ప్రధాన భాగం. వేడి తగిలితే అది కార్బన్ డయాక్సైడ్‌ను కోల్పోయి కార్డనాల్‌గా మారుతుంది. అనకార్డిక్ ఆమ్లంలో కార్బాక్సిల్, ఫినాల్ సమూహాలు పక్కపక్కనే ఉంటాయి. ఇనుము, అల్యూమినియం పరమాణువులను పట్టుకొనడానికి ఇది అనువైన అమరిక. ఎర్రమన్ను అంచులలో అవే పరమాణువులు ఉన్నాయి. చెదపురుగులనుంచి కలపను కాపాడడానికి జీడితొక్క నూనె వాడకం కొత్తది కాదు. దానిని ఏ స్థానిక మన్నుతో నూరితే నెమ్మదిగా విడుదలయ్యే పొడి తయారవుతుంది, ఏ మన్నుతో పనికిరాకుండా పోతుంది అన్నది ఒక స్నాతకోత్తర విద్యార్థి రెండేళ్ళలో తేల్చగల ప్రశ్న. అయితే ఆ నూనె చర్మాన్ని కాలుస్తుంది. పిక్కలు కొట్టే స్త్రీలు చేతులకు బూడిదో ఆముదమో రాసుకొనేది అందుకే. కనుక ఈ పని చేతి తొడుగులున్న ప్రయోగశాలలో మొదలుకావాలి. రైతు రోట్లో కాదు.

అభ్యంతరాలు, సమాధానాలు

రైతుకు ఇంత వివరం అవసరమా అన్నది మొదటి అభ్యంతరం. విస్తరణ సలహా సరళంగా ఉండాలన్నది నిజమే. అయితే సరళత వేరు, అసంపూర్ణత వేరు. ‘ఇసుకతోనే కలపండి, మన్నుతో నూరకండి, కలిపిన రోజే వాడండి’ అన్న మూడు చిన్న వాక్యాలు ఏ రైతుకూ బరువు కావు. వాటి వెనుక ఉన్న శాస్త్రం శాస్త్రవేత్తకు తెలిసి ఉండాలి, అంతే.

మన్ను మందును పట్టి ఉంచితే అది నెమ్మదిగా విడుదలై ఎక్కువకాలం పనిచేస్తుంది కదా అన్నది రెండవ అభ్యంతరం. కొన్ని జతల విషయంలో ఇది నిజం. ఆ దిశలో ప్రపంచమంతటా పరిశోధన సాగుతున్నది. కాని నెమ్మదిగా విడుదల కావడమన్నది కొలిచి చూపవలసిన ఫలితం. ఊహించుకోదగిన గుణం కాదు. విడుదల వేగం పురుగును చంపే స్థాయికంటే తక్కువైతే ఎక్కువకాలం ఉండీ ప్రయోజనం లేదు.

మన్ను విషాన్ని పట్టేస్తుంది కనుక ప్రమాదమే ఉండదన్నది మూడవది, అన్నింటికంటే జాగ్రత్తగా చూడవలసినది. పారాక్వాట్ వంటి ధనావేశంగల అణువును స్మెక్టైట్ పలకలు దాదాపు విడువకుండా పట్టుకుంటాయి. ఆ విషం మింగినవారికి ఆసుపత్రులలో వెంటనే ముల్తానీ మట్టి జాతి మన్నును ఇచ్చే పద్ధతి ఏర్పడింది అందుకే. అయినా ప్రాణం దక్కుతుందన్న హామీ లేదు. ఆవేశంలేని అణువుల సంగతి వేరు. వాటిని పట్టిన మన్నే తొలి వానకు విడుస్తుంది. ఆ విడిచిన పదార్థం చేరేది బంకమన్ను దాదాపు లేని ఇసుక నేలలోకి, అక్కడినుంచి లోతు తక్కువ బావులలోకి. ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికి ఇదే కారణమని ఏ ఒక్కదానిపైనా ఇంకా నిర్ధారణ జరగలేదు. తెలియని కారణాన్ని పొడిమందులకు అంటగట్టడం శాస్త్రం కాదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైన ప్రాంతం ఇది. హిరమండలం జలాశయంనుంచి తాగునీరు తరలించవలసి వచ్చిన ప్రాంతం ఇది. ఇటువంటి చోట ‘ఆకూ మన్నూ కదా, ఏమవుతుంది’ అని కొలవకుండా చెప్పడంకూడా శాస్త్రం కాదు.

సిఫార్సు ఎలా ఉండాలి?

చేయవలసినవి ఖరీదైన పనులు కావు. మొదటిది, మన్ను కలిసే ప్రతి సిఫార్సులో మన్ను రకాన్ని పేరుతో రాయాలి. ఇసుక అవసరమైతే కడిగి ఆరబెట్టిన ఇసుక అని, ఎందుకన్న కారణంతో సహా రాయాలి.

రెండవది, స్థానిక మన్నుల పట్టును కొలవాలి. దీనికి మిథిలిన్ బ్లూ పరీక్ష చాలు. నీటిలో కలిపిన మన్నుకు ఈ రంగు ద్రావణాన్ని కొద్దికొద్దిగా చేరుస్తూ, ప్రతిసారీ ఒక చుక్కను వడపోత కాగితంమీద వేయాలి. మన్ను పట్టగలిగినంతవరకు చుక్క చుట్టూ నీరు తేటగానే వ్యాపిస్తుంది. పట్టు నిండిన క్షణాన లేతనీలం వలయం కనిపిస్తుంది. రంగుకూడా కర్బన సమ్మేళనమే కనుక ఈ పరీక్ష బంకమన్ను అధిశోషణ శక్తిని కంటికి చూపుతుంది. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలోనైనా, నైర వ్యవసాయ కళాశాల ప్రయోగశాలలోనైనా ఒక పూటలో చేయదగిన పని ఇది. ఇసుక, ఎర్రమన్ను, చెరువుమన్ను, రాతిపొడి నాలుగు గాజుపాత్రలలో పక్కపక్కన ఉంచి చూపితే విద్యార్థులకూ రైతులకూ వేరే ఉపన్యాసం అక్కరలేదు.

మూడవది, పొడిమందు సిఫార్సు వెలువడేముందు నిల్వ పరీక్ష జరగాలి. పురుగుమందులకు 54 డిగ్రీల సెల్సియస్ వద్ద 14 రోజులు ఉంచి చూసే త్వరిత నిల్వ పరీక్ష అంతర్జాతీయంగా వాడుకలో ఉంది. కర్మాగారపు మందుకు వర్తించే ఈ క్రమశిక్షణ ఇంటి తయారీకి విశ్వవిద్యాలయం ఇచ్చే సిఫార్సుకు వర్తించకపోవడానికి కారణం లేదు. ఉద్దానం వానాకాలపు తేమలో నిల్వ ఉంచి చూడడంకూడా అందులో భాగం కావాలి.

నాలుగవది పరిశోధకులకు, ముఖ్యంగా సిద్ధాంత వ్యాసాలు రాసే విద్యార్థులకు సంబంధించినది. మన్నుతో నూరిన మందుపై ప్రయోగం చేసేటప్పుడు కనీసం మూడు పోలిక నమూనాలు ఉండాలి: మందు ఒక్కటే, విడిగా నూరిన మన్నుకు మందును నూరకుండా కలిపినది, మందులేని నూరిన మన్ను. ఇవి లేకుండా వచ్చిన ఫలితంలో మందు వాటా ఎంత, నూరడం వాటా ఎంత, మన్ను స్వంత ప్రభావం ఎంత అన్నది విడదీయలేము. కందికి పూసిన మన్ను మందు లేకుండానే పురుగును చంపుతుందన్న సంగతి మరచి, ఆ ఘనతను మందుకు కట్టబెట్టే ప్రమాదం ఉంది. నూరిన సాధనం, కాలం, మన్నులోని తేమ, ఖనిజ స్వరూపం రాయని వ్యాసాన్ని మరొకరు తిరిగి చేసి సరిచూడలేరు.

తిత్లీ తరువాత ఉద్దానంలో నాటిన కొబ్బరి మొక్కలకు ఇంకా కొన్నేళ్ళపాటు కొమ్ము పురుగునుంచి కాపలా కావాలి. వాటి మొవ్వులో పోసే పిడికెడు పొడిలో వేప ఎంత ఉన్నదో రైతుకు చెప్పే సలహాలు ఇప్పటికే ఉన్నాయి. ఆ పొడిలో మిగిలిన సగం ఏమిటో, అది ఏంచేస్తుందో చెప్పే సలహా వెలువడవలసి ఉంది.